విల్లుకు రక్తం జిగురే



విల్లు అనగానే మన కళ్ల ముందు ఒక వంచిన కర్ర, దానికి బిగించిన తాడు కనిపిస్తాయి. వెదురుతో చేసుకునే సాదా విల్లుకు ఆ వర్ణన సరిపోతుంది. కానీ అరబ్బులు, తుర్కులు, ఇరానీయులు, మన దేశంలో మొఘలులు శతాబ్దాలపాటు చేతబట్టిన విల్లు ఒక్క కర్రతో చేసింది కాదు. కర్ర, కొమ్ము, నరం అనే మూడు వేరువేరు పదార్థాలను నాలుగోదైన జిగురుతో ఒకటిగా చేసిన విల్లు అది. పొట్టిగా ఉంటుంది, గుర్రం మీద కూర్చుని వాడుకోవచ్చు, బాణాన్ని చాలా దూరం పంపుతుంది. 1790లలో లండన్‌లో ఉన్న తుర్కీ రాయబారి కార్యదర్శి మహమూద్ ఎఫెందీ అలాంటి విల్లుతో గాలివాటున 482 గజాలు వేసి అక్కడి విలుకాండ్రను ఆశ్చర్యపరిచారు.

ఆ విల్లును చూసినవారు కొమ్ము నునుపును, దాని మీది రంగులను, బంగారు పూతను మెచ్చుకుంటారు. జిగురును ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే అది కంటికి కనబడదు. ఆ కనబడని దాని గురించే ఈ పాఠం. ఏ జిగురు ఎంచుకోవాలి, ఎలా కాచాలి, ఎలా అంటించాలి, ఆ విద్య మనదాకా ఎలా చేరింది అన్నవి వరుసగా చూద్దాం.

మనిషి దేహం లాంటిదే విల్లు

14వ శతాబ్దంలో మమ్లూకుల రాజ్యంలో జీవించిన తైబుగా అనే విలువిద్యా గురువు, విల్లు నిర్మాణాన్ని మనిషి దేహంతో పోల్చారు. ఆయన పోలికలో కర్ర ఎముక, కొమ్ము మాంసం, నరం రక్తనాళాలు, జిగురు రక్తం. ఎముక, మాంసం, నాళాలు ఎంత గట్టివైనా రక్తం లేకపోతే దేహం దేహం కాదు. ఇది అందంగా చెప్పిన మాట, లెక్క ప్రకారం కూడా సరైన మాట.

ఎలాగో చూడండి. విల్లును లాగినప్పుడు విలుకాడికి ఎదురుగా ఉండే లోపలి ముఖం నొక్కుకుపోతుంది. లక్ష్యం వైపు ఉండే వెలుపలి ముఖం సాగుతుంది. నొక్కుడును ఓర్చుకోవడంలో గేదె కొమ్ము గొప్పది, కనుక దాన్ని లోపలి వైపు అంటిస్తారు. సాగుడును ఓర్చుకోవడంలో పశువుల కాలి వెనుక ఉండే స్నాయువు, అంటే మనం వాడుకలో నరం అనేది, గొప్పది. కనుక దాన్ని పీచుగా విడదీసి వెలుపలి వైపు పరుస్తారు. మధ్యలో పలుచని కర్ర ఉంటుంది. తుర్కీ విల్లులో అది ఎక్కువగా మేపుల్ కర్ర.

ఇప్పుడు ఒక లావుపాటి పుస్తకాన్ని వంచి చూడండి. పేజీలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. అంచులన్నీ జిగురుతో అంటించేసిన పుస్తకం అంత తేలికగా వంగదు. విల్లులోనూ అంతే. లాగిన ప్రతిసారీ కొమ్ము ఒక వైపుకు, నరం మరో వైపుకు జారిపోవాలని చూస్తాయి. ఆ జారుడును ఆపేది జిగురు ఒక్కటే. పైగా ఈ విల్లును తాడు విప్పితే అది ముందుకు, దాదాపు గుండ్రంగా ముడుచుకుంటుంది. తాడు ఎక్కించాలంటే దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పాలి. అంటే బాణం పెట్టకముందే జిగురు మీద గట్టి పరీక్ష మొదలవుతుంది.

అందుకే కుర్చీకి పనికొచ్చే జిగురు విల్లుకు పనికిరాకపోవచ్చు. మన కొండపల్లి బొమ్మలనే తీసుకోండి. తెల్లపొణికి కర్ర ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. బొమ్మ నిలిచి ఉండేది కనుక ఆ అతుకు ఏళ్ల తరబడి ఉంటుంది. విల్లు నిలిచి ఉండేది కాదు, వంగేది. దాని జిగురు గట్టిగా పట్టాలి, దెబ్బకు పెళుసుగా పగలకూడదు, బరువు మీద మెల్లగా జారిపోకూడదు. ఈ మూడు గుణాలూ ఒకచోట ఉన్నవాటిని పూర్వపు ఉస్తాదులు జంతువుల నుంచి, చేపల నుంచి తీసుకున్నారు.

పాయా గిన్నెలో ఉన్న పాఠం

జంతువుల జిగురు ఏమిటో తెలుసుకోవడానికి మనకు ప్రయోగశాల అక్కరలేదు. రాత్రంతా సన్నని మంట మీద ఉడికిన పాయా తింటుంటే వేళ్లు, పెదవులు అంటుకుంటాయి. మిగిలినది మరుసటి రోజుకు చల్లారి గడ్డకడుతుంది. మళ్లీ వేడి చేస్తే కరుగుతుంది. చర్మంలో, నరాల్లో, ఎముకల్లో ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తి వేడినీటిలో కరిగి జెలటిన్‌గా మారడమే దీనికి కారణం. ఆ జెలటిన్‌ను శుభ్రంగా వడగట్టి ఎండబెడితే అదే జిగురు. ఉర్దూలో సరేష్ అని, మన పాత వడ్రంగుల నోట సరేసు అని వినిపించేది ఇదే.

విల్లు పనిలో మూడు రకాలు ముఖ్యం.

మొదటిది చర్మపు జిగురు. తోళ్ల శుద్ధిలో మిగిలే కత్తిరింపుల నుంచి వస్తుంది. గట్టిగా పడుతుంది, తేలికగా దొరుకుతుంది, ధర తక్కువ. త్వరగా గడ్డకడుతుంది కనుక పనిచేసేవాడి చేయి చురుకుగా ఉండాలి.

రెండోది నరపు జిగురు. విల్లు వీపున పరిచే నరాల తుక్కునే కాచి తీస్తారు. నరానికి నరపు జిగురు సొంత బంధువు. రెండూ ఒకే పదార్థం కావడంతో ఆరాక ఏది పీచో, ఏది జిగురో విడదీయలేనంతగా కలిసిపోతాయి.

మూడోది చేప జిగురు. ఉస్మానీ ఉస్తాదులు కొమ్మును కర్రకు అతికే కీలకమైన పనికి డాన్యూబ్ నదిలో దొరికే స్టర్జన్ చేప అంగిలి చర్మం నుంచి తీసిన జిగురును అన్నిటికన్నా మేలైనదిగా ఎంచారు. చేప పొట్టలోని గాలితిత్తి నుంచి తీసే జిగురు కూడా ఈ కోవలోదే. చల్లని నీటి చేపల జిగురు తక్కువ వేడి దగ్గర కూడా గడ్డకట్టకుండా ఉంటుంది. దాంతో ముక్కలను సరిగ్గా కూర్చి, తాడుతో బిగించడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. ఆరిన తర్వాత చర్మపు జిగురు కన్నా కాస్త సాగే గుణం ఉంటుంది.

ఈనాడు స్టర్జన్ జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. 1998 నుంచి వాటి అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉంది. కనుక ఆ జిగురు కోసం ఎగబడటం సరికాదు. చేప గాలితిత్తి విలువ మన తీరానికీ కొత్త కాదు. కాకినాడ, కోనసీమ రేవుల్లో కచిడి చేప వలలో పడితే వేలంలో పెద్ద ధర పలుకుతుందని పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఆ ధర మాంసానికి కాదు, పొట్టలోని తిత్తికే. విల్లు నేర్చుకునేవారికి అంత ఖరీదైనది అక్కరలేదు. మంచి చర్మపు జిగురుతో మొదలుపెట్టడమే తెలివి.

ఇక్కడ మన పాఠకుల్లో కొందరికి ఒక సందేహం రావచ్చు. బజారులో పొట్లాల్లో దొరికే జిగురు ఏ జంతువుదో దాని మీద రాసి ఉండకపోవచ్చు. ఆ విషయంలో జాగ్రత్త పాటించదలచినవారు అమ్మేవారిని అడిగి నిర్ధారించుకోవాలి, లేదా తమకు తెలిసిన మేక, గేదె చర్మం నుంచి స్వయంగా తయారుచేసుకోవాలి.

స్వయంగా కాచుకునే పద్ధతి

వెంట్రుకలు, కొవ్వు, మాంసం పూర్తిగా తీసేసిన చర్మపు ముక్కలు కావాలి. ఉప్పు పట్టించిన చర్మమైతే ఉప్పు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి నానబెట్టాలి. సున్నపు నీటిలో కొన్ని రోజులు ఉంచితే కొవ్వు విడిపోతుంది, చర్మం ఉబ్బుతుంది. ఆ తర్వాత సున్నం జాడ లేకుండా బాగా కడగాలి. కొవ్వు మిగిలితే జిగురు పట్టదు. సున్నం మిగిలితే జిగురు చెడుతుంది.

శుభ్రమైన ముక్కలు మునిగేంత నీరు పోసి, బుడగలు రాకుండా సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచాలి. తెర్లనివ్వకూడదు. మొదటిసారి వడగట్టిన రసమే అన్నిటికన్నా బలమైనది. అవే ముక్కలకు మళ్లీ నీళ్లు పోసి, మరింత వేడితో రెండోసారి, మూడోసారి తీసేది క్రమంగా బలం తగ్గుతూ పోతుంది. విల్లుకు మొదటి రసమే వాడాలి, తర్వాతివి చిన్న పనులకు ఉంచుకోవచ్చు. పలుచని గుడ్డలో వడగట్టిన రసాన్ని పళ్లెంలో పోస్తే చల్లారి గడ్డ అవుతుంది. దాన్ని ముక్కలుగా కోసి, వల మీద పరిచి, నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టాలి. గాజుముక్కల్లా గట్టిపడ్డాక తడి తగలని డబ్బాలో దాచితే ఏళ్ల తరబడి నిలుస్తుంది.

కొన్నదైనా, కాచుకున్నదైనా వాడే విధానం ఒక్కటే. ఎండిన జిగురును తూకం వేసి, దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల చల్లని నీటిలో నానబెట్టాలి. పలుకులైతే కొన్ని గంటలు, పెద్ద ముక్కలైతే రాత్రంతా. నీటిని పీల్చుకుని మెత్తగా ఉబ్బిన తర్వాతే పొయ్యి మీదికి తేవాలి. నేరుగా మంట మీద పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో జిగురు గిన్నె ఉంచి కరిగించాలి. వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలవాలి. 70 దాటి ఎంతసేపు ఉంచితే జిగురు అంత బలహీనపడుతుంది. వంటింటి థర్మామీటర్ ఒకటి ఉంటే ఈ సందేహమే ఉండదు.

చిక్కదనానికి ఒక గుర్తు ఉంది. కుంచెను ముంచి ఎత్తితే జిగురు చుక్కచుక్కగా తెగిపడకుండా, ముద్దగా జారకుండా, సన్నని ధారగా దిగాలి. అతుకు పనికి అది సరైన పాకం. మొదటి పూతలకు, నరాలు తడపడానికి ఇంకా పలుచగా చేసుకోవాలి. మళ్లీ మళ్లీ వేడి చేసిన జిగురు బలం కోల్పోతుంది కనుక ఆ రోజు పనికి చాలినంతే కరిగించాలి. మిగిలినది ఫ్రిజ్‌లో కొద్ది రోజులు ఉంటుంది. బూజు పట్టినా, కుళ్లిన వాసన వచ్చినా పారేయవలసిందే.

అసలు పనికి ముందు ఒక పరీక్ష చేయాలి. అదే కర్ర ముక్కలు రెండింటిని అతికి, కొన్ని రోజులు ఆరనిచ్చి, విరగ్గొట్టి చూడాలి. కర్ర చీలి, అతుకు నిలిస్తే జిగురు మంచిది. అతుకు దగ్గర శుభ్రంగా ఊడివస్తే ఆ జిగురును విల్లుకు నమ్మకూడదు.

అంటించే ముందు, అంటించాక

జిగురు ఎంత మంచిదైనా జిడ్డు దాని శత్రువు. కొమ్ములో, నరంలో సహజంగానే కొవ్వు ఉంటుంది. గీకి, సబ్బునీటితో కడిగి, ఆరబెట్టిన తర్వాత అతుకు ముఖాన్ని వట్టి వేళ్లతో తాకకూడదు. వేలి చెమట, నూనె చాలు ఆ చోట పట్టు పోవడానికి.

ఉస్మానీ ఉస్తాదులు కొమ్ము మీద, కర్ర మీద పళ్లున్న ఇనుప పనిముట్టుతో పొడవునా సన్నని గాళ్లు గీసేవారు. రెండు ముఖాలూ ఒకదానిలో ఒకటి ఇమిడేవి. దానివల్ల జిగురు పట్టే వైశాల్యం పెరిగేది. ఆ తర్వాత పలుచని జిగురును రెండు ముఖాలకూ పూతపూతగా పూసి, ఒక్కొక్కటి ఆరనిచ్చేవారు. కర్ర ఇక జిగురును తాగలేని స్థితికి వచ్చాకే రెంటినీ వెచ్చచేసి, వేడి జిగురుతో కలిపి, బలమైన తాడుతో జానెడు ఖాళీ లేకుండా చుట్టి బిగించేవారు. మొదటి పూతలు తొందరగా ముగిస్తే చివరి జిగురును కర్ర పీల్చేసి అతుకు ఎండిపోతుంది. విల్లు విరిగినప్పుడు తప్పు కొమ్ముదో, కర్రదో అనిపిస్తుంది గానీ చాలాసార్లు కథ ఇక్కడే మొదలై ఉంటుంది.

చర్మపు జిగురు చల్లబడితే నిమిషంలోనే గడ్డకట్టడం మొదలవుతుంది. గది వెచ్చగా ఉండాలి, ఫ్యాను గాలి తగలకూడదు, తాళ్లు, కట్లు ముందే చేతికందేలా సిద్ధం చేసుకోవాలి. గడ్డకట్టిన జిగురు మీద ఎంత బిగించినా లాభం లేదు.

నరం పని వేరు. ఎండిన నరాన్ని దంచి, పీచుగా విడదీసి, దువ్వి, గోరువెచ్చని పలుచని జిగురులో నానబెట్టి, పాయలుపాయలుగా విల్లు వీపున పరుస్తారు. జిగురు ఆరుతూ కుంచించుకుపోతుంది, దానితోపాటు నరం బిగుసుకుని విల్లును ముందుకు లాగుతుంది. తుర్కీ విల్లు ముడుచుకునే ఆ ఆకారంలో, దాని బలంలో ఈ ఆరుడు పాత్ర పెద్దది. ఒక పొర బాగా ఆరాకే రెండో పొర వేయాలి. పైన గట్టిపడినట్టు కనిపించినా లోపల తడి వారాల తరబడి ఉంటుంది. కొమ్ము అతికాక విరామం, నరం పరిచాక విరామం, పూర్తిగా ఆరడానికి మరో విరామం. ఇలా ఒక విల్లు సిద్ధం కావడానికి ఏడాది, అంతకు మించి కూడా పట్టేది. ఆ కాలంలో ఉస్తాద్ చేయి ఎక్కువ రోజులు ఖాళీగానే ఉంటుంది, పనిచేసేది ఓపిక.

తేమ ఈ జిగురుకు పెద్ద పరీక్ష. ఆరిన సరేసు కూడా గాలిలోని తడిని పీల్చి మెత్తబడుతుంది. అందుకే పూర్వులు నరాల మీద పలుచని తోలు, లేదా చెట్టు బెరడు కప్పి, పైన వార్నిష్ పూసేవారు. విల్లును వెచ్చని పొడిచోట దాచేవారు. విశాఖ, మచిలీపట్నం వైపు ఉండేవారు వానాకాలంలో అతుకు పని పెట్టుకోకపోవడమే మంచిది. తెలంగాణ నడివేసవి దానికి విరుద్ధం. మరీ పొడిగా ఆరితే జిగురు పెళుసుబారుతుంది. ఎండలో నిలిపిన కారులో విల్లును వదిలేయడం దాన్ని విరగ్గొట్టడంతో సమానం.

ఈనాటి జిగురుల సంగతి

ఇప్పుడు దుకాణాల్లో దొరికే తెల్ల జిగురు వాడకూడదా అని అడుగుతారు. గల్లా పెట్టెకు, తలుపుకు అది చక్కగా పనిచేస్తుంది. కానీ ఎడతెగని బరువు కింద అది మెల్లగా జారే గుణం కలది. తాడు ఎక్కించిన విల్లులో బరువు ఎడతెగనిదే. రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ నీటికి తట్టుకుంటుంది, గడ్డకట్టడానికి సమయం ఇస్తుంది. కర్రకు కర్ర, కర్రకు వెదురు అతికే విల్లులకు నేడు చాలామంది దాన్నే వాడుతున్నారు. వాడేటప్పుడు చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి.

నరం విషయంలో మాత్రం పాతదే సరైనది. సరేసు నరపు పీచులోకి ఇంకుతుంది, దానితోపాటు కుంచించుకుని బిగిస్తుంది. పొరపాటు జరిగితే వెచ్చని నీటితో విప్పి మళ్లీ వేసుకోవచ్చు. ఎపాక్సీ ఈ మూడింటిలో ఏదీ చేయదు.

ఈ విద్యను నిలిపినవారు

విలువిద్యకు దైవప్రవక్త (స) ఇచ్చిన ప్రోత్సాహం మనకు తెలిసిందే. ఒక బాణం వల్ల పుణ్యం పొందేవారిలో దాన్ని వేసినవాడితోపాటు, మేలు కోరి దాన్ని తయారుచేసినవాడు, చేతికి అందించినవాడు కూడా ఉంటారనే ఉల్లేఖనం అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది. వేసినవాడిని అందరూ చూస్తారు. తయారుచేసినవాడిని, అందించినవాడిని ఆ ఉల్లేఖనం గుర్తుచేస్తుంది.

1453లో ఇస్తాంబుల్‌ను గెలిచిన సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ అక్కడ ఓక్‌మైదాన్ అనే విశాలమైన నేలను విలుకాండ్ర కోసం వక్ఫ్ చేశారు. ఆయన కుమారుడు సుల్తాన్ బాయజీద్ కాలంలో అక్కడి విలుకాండ్ర మఠం అభివృద్ధి చెందింది. తుపాకులు వచ్చి యుద్ధంలో విల్లుకు పని పోయాక కూడా ఆ వక్ఫ్ నీడలో విద్య బతికింది. 19వ శతాబ్దంలో, స్వయంగా విలుకాడైన సుల్తాన్ మహమూద్, ముస్తఫా కానీ అనే పండితుని చేత విలువిద్య, విల్లు తయారీల గురించి ఒక గ్రంథం రాయించారు. అది 1847లో అచ్చయింది. ఉస్తాదుల చేతుల్లో ఉన్న పని అప్పుడు కాగితం మీదికి వచ్చింది.

ఆ పని చేయించింది ఎంత సరైన సమయంలోనో తర్వాత తెలిసింది. క్రమంగా విల్లు చేసే ఉస్తాదులు కరువయ్యారు. 1920లలో ఆ గ్రంథంలోని విషయాలను హైన్ అనే పండితుడు జర్మన్ భాషలో వెలువరించారు. దాని ఆధారంగా 1934లో అమెరికా భౌతికశాస్త్రవేత్త పాల్ క్లాప్‌స్టెగ్ ఆంగ్లంలో పుస్తకం రాశారు. ఈనాడు వివిధ దేశాల్లో పాత పద్ధతిలో విల్లు చేస్తున్నవారికి ఆ వరుస గ్రంథాలు దారిదీపాలయ్యాయి. 2019లో తుర్కీ సంప్రదాయ విలువిద్య యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

అయినా పుస్తకం అంతా చెప్పలేదు. పాకం ఎప్పుడు సరిపోయిందో, కొమ్ము ఎంత వెచ్చగా ఉండాలో, పూత ఆరిందో లేదో ఉస్తాద్ వేలికి తెలుసు, శాగిర్దు ఆ వేలిని చూసి నేర్చుకుంటాడు. ఆ వరుస ఒకసారి తెగితే మళ్లీ అతకడానికి ఎన్నో విల్లులు విరగవలసి వస్తుంది. మన ఊళ్లలోనూ ఇలా చేతిలోనే విద్య దాచుకున్న పెద్దలు ఉన్నారు. వడ్రంగులు, కలాయి వేసేవారు, జరీ పనివారు, పుస్తకాలు కుట్టేవారు. వారి పక్కన ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి, వారు చెప్పింది ఒక నోటు పుస్తకంలో రాయించడం పెద్ద ఖర్చు కాదు. ఓక్‌మైదాన్ నేల ఇచ్చినవారు, గ్రంథం రాయించినవారు చేసింది అదే పని. విల్లులో జిగురులాగే వారి పని కూడా పైకి కనబడదు. మనం ఈనాడు ఈ పాఠం చెప్పుకోగలుగుతున్నామంటే ఆ పనే కారణం.